అడవి అంచు తోటకి ఆకులు ఊదే మిషను: రెండు ఎండాకాలాలు వాడి రాస్తున్నా

ముందే చెప్పేస్తా, మిషను మంచిదే. నేను ఏ పనికోసం కొన్నానో ఆ పనికి మాత్రం కాదు.

వీపుకి తగిలించుకునే పెట్రోలు బ్లోయర్ గురించి రాస్తున్నా, రాలిన ఎండుటాకుల్ని గాలితో ఊదేసే మిషను. మా వైపు దాన్ని గాలి మిషను అంటున్నారు. "అడవి పక్కన తోట ఉందన్నా, కొనమంటావా వద్దంటావా" అని ఈ నెలలోనే ముగ్గురు ఫోన్ చేశారు. ఒక్కొక్కరికీ అరగంట చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. కంపెనీ పేరూ షాపు పేరూ రాయను. షాపుతో ఒక పేచీ ఇంకా తెగలేదు, అదేంటో కింద చెప్తా. పైగా నేను కొనేముందు చూసిన నాలుగైదు మిషన్లలో నాకు స్టిక్కరు రంగు తప్ప పెద్ద తేడా కనబడలేదు.

మా తోట రాపూరు దాటాక పెంచలకోన వైపు, వెలిగొండల పాదాల దగ్గర. నాలుగెకరాల నిమ్మ. పడమటి గట్టు దిగితే సరిహద్దు రాయి, రాయి అవతల అడవి. అది పెనుశిల నరసింహ అభయారణ్యం. 1997లో ప్రకటించారు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే, కొండకి ఇటు పాత నెల్లూరు జిల్లా, అటు పాత కడప జిల్లా. ఎర్రచందనం ఉన్న చోటు కాబట్టి ఊరికే లోపల అడుగు పెట్టినా వంద ప్రశ్నలు. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచీ ఆ కొండంతా ఆకు రాలుస్తుంది. బోద గడ్డి నడుం ఎత్తున ఎండి నిలబడి ఉంటుంది, మధ్యాహ్నం పడమటి గాలి వీస్తే దాని చప్పుడు తోటలోకి వినపడుతుంది, పాత నోట్లు లెక్కపెడుతున్నట్టు. ఫిబ్రవరి నుంచి మొదటి గట్టి వాన పడేదాకా మాకు రాత్రిళ్ళు సరిగా నిద్ర ఉండదు, ఎవడో ఒకడు లేచి కొండ వైపు చూసి వస్తూనే ఉంటాడు.

ఈ మిషను కొనడానికి కారణం మూడేళ్ళ కిందటి మార్చి. మధ్యాహ్నం రెండుకి పొగ కనపడింది, నాలుగుకి అగ్గి మా గట్టు మీద ఉంది. పచ్చి వేప కొమ్మలతో కొట్టాం, బిందెలతో నీళ్ళు పోశాం, ఆఖరికి ఊళ్ళో వాళ్ళంతా వస్తే ఆగింది. ఆరోజు లెక్కేసుకుంటే ఐదు చెట్లే కాలాయి, బతికిపోయాం అనుకున్నాం. నిమ్మ చెట్టు సంగతి మీకు తెలుసో లేదో, దాని తొక్క పల్చన, మంట తగలక్కర్లేదు, వేడి తగిలినా చాలు. పది పదిహేను రోజులు పచ్చగానే నిలబడి ఉంటుంది, తర్వాత ఆకు లోపలికి ముడుచుకోవడం మొదలవుతుంది. అలా మొత్తం 38 చెట్లు పోయాయి. కాయ రేటు మంచిగా పలికే ఎండాకాలంలో. డ్రిప్ పైపులు కరిగి నేలకి అతుక్కుని నల్లటి జిలేబీల్లాగా ఉన్నాయి, వాటిని పారతో గీకి తీశాం.

ఆ కోపంలో కొన్నా. అగ్గి వస్తే ఎదురెళ్ళి ఊదేస్తాను అనుకున్నా. అటవీశాఖ వాళ్ళు ఇలాంటి మిషను వాడుతున్న వీడియో ఒకటి చూశా, గాలి తగలగానే మంట ఆరిపోతుంది, చూడటానికి ఎంత బాగుందో. నెల్లూరులో ఒక షాపులో 32,000 పోసి తెచ్చుకున్నా.

ముందు మిషను సంగతి. తైవాన్ పంపు, అదే వీపుకి తగిలించుకుని మందు కొట్టే పెట్రోలు పంపు, వాడిన వాళ్ళకి కొత్తేమీ ఉండదు, అదే రకం టూ-స్ట్రోక్ ఇంజను, అలాగే తాడు లాగాలి, చోక్ పెట్టాలి, తీయాలి. ఇంజను 75 సీసీ, ఖాళీగా పది కిలోలు, పెట్రోలు పోస్తే ఇంకో కిలోన్నర. మందు కొట్టే పంపులో నీళ్ళు అయిపోయేకొద్దీ వీపు తేలికవుతుంది. దీనిలో ఆ సుఖం లేదు, పొద్దున ఎంత బరువో సాయంత్రానికీ అంతే, పైగా ఇంజను వణుకు మొత్తం నడుములోకి దిగుతుంది. ట్యాంకు నిండా పోస్తే ఫుల్ స్పీడులో గంటకి కొంచెం అటూ ఇటూ. భుజం పట్టీలు మాత్రం దండగ, మొదటి సీజనుకే దూది బయటికొచ్చింది, మా ఆవిడ పాత దుప్పటి మడిచి కుట్టి ఇచ్చింది, ఇప్పుడు అదే హాయిగా ఉంది.

షాపుతో పేచీ ఇదీ. పెట్రోల్లో టూ-టీ ఆయిలు కలపాలి కదా, ఎంత అని అడిగా. "లీటరుకి 20 ఎమ్మెల్ చాలు సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు, అట్ట పెట్టె మీద పెన్నుతో రాసి మరీ ఇచ్చాడు. నేను అలాగే పోశా. పదకొండో రోజు ఇంజను పట్టేసింది, తాడు లాగితే కదల్లేదు. అప్పుడు పుస్తకం తీసి చూస్తే లోపల చిన్న అక్షరాల్లో 25కి 1 అని ఉంది, అంటే లీటరుకి 40 ఎమ్మెల్. 20 ఎమ్మెల్ సరిపోయే మిషన్లూ ఉన్నాయి, ఇది ఆ రకం కాదు. తీసుకెళ్తే "ఆయిలు తక్కువ పోశారు, వారంటీ రాదు" అన్నారు. ఎవరు చెప్తే పోశాను బాబూ అంటే ఆ కుర్రాడు ఇప్పుడు పనిలో లేడట. పెట్టె మీద రాసిన ముక్క నా దగ్గర ఇంకా ఉంది. సరే, ఎన్నాళ్ళు తిరుగుతాం, పొదలకూరులో తైవాన్ పంపులు బాగుచేసే మెకానిక్ దగ్గర పిస్టను, రింగులు మార్పించా, 3,400 అయింది. ఆయన అన్నమాట ఒక్కటి గుర్తుపెట్టుకోండి: షాపువాడు చెప్పింది కాదు, ట్యాంకు మూత మీద ఏముందో చదవండి. నా మిషను మూత మీద కూడా ఉంది, నేనే చూడలేదు.

పనితనం దగ్గరికి వస్తా. ఎండిన ఆకు మీద దీనికి సాటి లేదు. మా గట్టు వెంబడి సుమారు 300 మీటర్లు, నాలుగు మీటర్ల వెడల్పున నేల కనపడేదాకా శుభ్రం చేయడానికి ముందు నలుగురు కూలీలకి చీపుర్లూ దంతెలతో రెండు రోజులు పట్టేది. దీంతో ఒక్కడే పొద్దున గంటన్నరలో ముగించాడు. పొద్దున అని ఎందుకు అంటున్నానంటే గాలి లేనప్పుడే చేయాలి, తొమ్మిది దాటి గాలి తిరిగిందంటే మీరు ఊదింది మీ మొహానికే వస్తుంది. మంచు తడి ఉన్నా కదలదు, ఏడున్నరకి మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేయండి.

నిలబడి ఉన్న గడ్డిని మాత్రం ఇది ఏమీ చేయలేదు. బోద వంగుతుంది, గాలి పోగానే లేస్తుంది, మనల్ని వెక్కిరిస్తున్నట్టు. కంప, లాంటానా పొదలు కూడా అంతే. ముందు గడ్డి కోసే మిషనుతోనో కొడవలితోనో కోయాలి, వారం ఎండనివ్వాలి, అప్పుడు ఊదాలి. ఈ మాట అమ్మేవాడు చెప్పడు. ఇంకొకటి, ఊదిన ఆకు ఎక్కడికి పోతుందో చూసుకోవాలి. మొదటి ఏడాది నేను అడవి వైపు ఊదేశా, లైను (అగ్గి దాటకుండా ఆకు తీసేసిన పట్టీని అలా అంటాం) అంచున మోకాలి ఎత్తు ఆకు కట్టలాగా పేరుకుంది. అటవీశాఖ బీట్ ఆఫీసరు వచ్చి చూసి నవ్వాడు, "బాట వేశారా, పొయ్యి పేర్చారా" అని. నిజమే, అంత ఎండుటాకు ఒకచోట అంటుకుంటే మంట నాలుగు మీటర్లు ఇట్టే దూకుతుంది. ఇప్పుడు తోట వైపుకి ఊది, పట్టల్లో ఎత్తి, లోపలి వరసల్లో డ్రిప్ తడి ఉన్న చోట చెట్ల మొదళ్ళలో పరుస్తున్నాం. అడవి పక్క మొదటి రెండు వరసల్లో మాత్రం ఒక్క ఆకు కూడా ఉంచం.

పైగా ఒకసారి ఊదితే పని అయిపోదు. ఆకు రాలుతూనే ఉంటుంది కదా. జనవరి ఆఖరున ఊదిన లైను ఫిబ్రవరి మధ్యకి మళ్ళీ కప్పుకుపోతుంది. మేము మే వరకు ఆరేడు సార్లు ఊదుతున్నాం. పెట్రోలు లెక్క వేసుకునేటప్పుడు ఇది కలుపుకోండి.

ఇక్కడిదాకా మిషను సంగతి. కానీ దాన్ని ఎక్కడ నడపాలి అనేదే అసలు తలనొప్పి.

నా గట్టు ఒక్కటీ శుభ్రం చేసుకుంటే పక్కతోట గట్టు మీదుగా అగ్గి వస్తుంది. వరసగా ఏడు తోటలు ఉన్నాయి మావి. ఎవడి గట్టు వాడు చూసుకుంటే ఒకడు జనవరిలో చేస్తాడు, ఒకడు మార్చిలో, ఒకడు హైదరాబాద్‌లో ఉంటాడు, అసలు చేయడు. అందుకని ఏడుగురం కూర్చున్నాం. బీట్ ఆఫీసర్నీ పిలిచాం, ఆయన మ్యాపు తెచ్చాడు. మా గట్టు నుంచి దాదాపు రెండు వందల మీటర్లు లోపలికి పాత బండి బాట ఒకటి ఉంది, మా తాతల కాలంలో వెదురు తోలుకొచ్చిన బాట, ఇప్పుడు పొదలు కప్పేశాయి. లైను అక్కడ వేస్తే వంకరలు తక్కువ, నేల చదును, పని సగం. మాకందరికీ అదే నచ్చింది. ఆయన కుదరదు అన్నాడు. అది అభయారణ్యం, మీ ఇష్టమొచ్చినట్టు లోపల బాట తీయడానికి లేదు, అసలు అనుమతి లేకుండా మిషనుతో లోపలికి రావడానికే లేదు, లోపల ఏ లైను ఎక్కడ ఉండాలో మేనేజ్‌మెంట్ ప్లానులో ఉంటుంది, ఆ ప్రకారం మేమే చేస్తాం, మీరు కావాలంటే అర్జీ ఇవ్వండి, ప్లాను మార్చేటప్పుడు చూస్తారు అన్నాడు.

అప్పుడు నాకు కోపం వచ్చింది, దాచను. తర్వాత చదివితే ఆయన చెప్పింది ఒట్టి సాకు కాదని తెలిసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోది. అభయారణ్యానికి ముప్పు వచ్చేలా నిప్పు పెట్టకూడదు, రాజేయకూడదు, మండుతుండగా వదిలిపోకూడదు అని 30వ సెక్షను. 2022లో సవరణ తెచ్చి మేనేజ్‌మెంట్ ప్లాను మాటని 33వ సెక్షన్లో పెట్టారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అటవీ హక్కుల చట్టం వర్తించే చోట్ల గ్రామసభతో సంప్రదించి ప్లాను తయారు చేయాలని కూడా అందులో ఉంది. అంటే అడగడానికి మనకి దారి ఉంది, కాకపోతే అగ్గి వచ్చాక కాదు, ప్లాను రాసేటప్పుడు వెళ్ళి అడగాలి. మాలో ఒక్కడికీ ఆ ప్లాను ఎప్పుడు రాస్తారో, అంతకుముందుది ఎప్పుడు రాశారో తెలియదు. అర్జీ ఇచ్చాం. బండి బాట సంగతి ఇంకా అక్కడే ఉంది.

సరే, మా పట్టా వైపే ఏడు తోటల గట్లు కలిపి ఒకే లైను అనుకున్నాం, మొత్తం రెండు కిలోమీటర్ల చిల్లర. ఆ మీటింగులో మేము చేసిన తప్పు ఒకటుంది. గొర్రెల వాళ్ళని పిలవలేదు. అగ్గి పెట్టేదే వాళ్ళు, వాళ్ళని ఎందుకు పిలవాలి అని అందరి మనసులో ఉంది, ఒకరిద్దరు పైకే అన్నారు. మన అడవుల్లో కార్చిచ్చు దాదాపు అంతా మనిషి చేతి నుంచి వచ్చేదే, ఇందులో వాదన లేదు. అయితే ఏ మనిషి అనేది అంత సులువు కాదు. లేత గడ్డి రావాలని కాపర్లు పెడతారు, నిజం. తేనె తీసేవాళ్ళ పొగ ఉంది. ఇప్పపువ్వు ఏరే అడవుల్లో నేల కనపడాలని ఆకు తగలబెట్టడం ఉంది, తునికాకు బాగా చిగురించాలని పొదలు కాల్చడం ఉంది. చిట్వేలు ఘాట్ రోడ్డులో కారు ఆపి బీడీ విసిరేవాడు ఉన్నాడు. పెంచలకోన బ్రహ్మోత్సవాలు వైశాఖంలో, సరిగ్గా ఎండలు మండేటప్పుడు, వచ్చినవాళ్ళు చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి వండుకుని పొయ్యి ఆర్పకుండా పోతారు. ఇంకా చెప్పాలంటే సంక్రాంతి అవ్వగానే గట్టు మీద గడ్డి తగలబెట్టే అలవాటు మా నాన్నకి ఉండేది, ఎన్ని సార్లు అది రాయి దాటి పోయిందో ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

రెండో మీటింగుకి ఒక పెద్ద కాపరిని పిలిచాం, డెబ్భై దగ్గర పడి ఉంటాడు. వచ్చి చివర్లో గొంతుక్కూర్చున్నాడు, కుర్చీ వేస్తే వద్దన్నాడు. అందరూ చెప్పేది అయ్యాక అన్నాడు: "అగ్గి పెట్టేవాళ్ళు మాలో లేరని చెప్పను అబ్బయ్యా. కొండ మొత్తం కాలితే నా మందకి మాత్రం మేత ఏది, బూడిద తినవు గదా. మీకు గడ్డి పోవాల, మాకు గడ్డి కావాల. మధ్యలో ఆ మిషను ఎందుకు?"

అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా ప్రాంతం పేరు మీదే నెల్లూరు గొర్రె ఉంది, మొహం మీద నల్ల మచ్చల జోడిపి రకం, మా పొలాల్లో ఎరువు కోసం డబ్బిచ్చి మంద కట్టించుకోవడం ఎప్పటినుంచో ఉంది, ఆ మందని గట్టు వెంబడి కట్టించాలని మా ఏడుగురిలో ఒక్కడికీ తట్టలేదు. ఇప్పుడు డిసెంబరు, జనవరుల్లో లైను వెంబడి మా పట్టా వైపు గొర్రెల్ని వరసగా కడుతున్నాం, ఒక తోట దగ్గర రెండు మూడు రాత్రులు. అవి తిని తొక్కాక మిగిలే మోళ్ళని కోసి ఊదితే పని మూడో వంతుకి దిగింది. మేకలు మాత్రం వద్దన్నాం, ఒకసారి వచ్చి రెండు చెట్ల నిమ్మ చిగురు మొత్తం కొరికేశాయి, దాని మీద జరిగిన గొడవ వేరే కథ. బదులుగా మందలు తోటల మధ్య నుంచి చెరువుకి పోయే దారి మూయకూడదు అని వాళ్ళడిగారు, ఇద్దరు ముళ్ళకంచె తీయాల్సి వచ్చింది, ఒకాయన ఇంకా సణుగుతున్నాడు.

కర్ణాటకలో బిలిగిరి రంగన కొండల్లో ఉండే సోలిగ గిరిజనులు పాతరోజుల్లో చలికాలం చివర్లోనే పల్చగా ఆకుమంట పెట్టేవాళ్ళని, దాన్ని ఆపించాక లాంటానా విపరీతంగా పెరిగిందని వాళ్ళు చెప్తారని చదివా. మా కొండకి అది సరిపోతుందో లేదో చెప్పేంత చదువు నాకు లేదు, చెప్పి ఎవరితోనో నిప్పు పెట్టించే ధైర్యమూ లేదు.

ఇక అగ్గి రోజు సంగతి. పోయిన ఏడాది ఏప్రిల్ మొదటి వారం, రాత్రి ఎనిమిదిన్నరకి బీట్ ఆఫీసరు ఫోన్, "పైన పట్టుకుంది, దిగుతోంది, మీ లైను చూసుకోండి". ముందురోజే ఊది ఉన్నాం, అదృష్టం. రాత్రి కొండ మీంచి కిందకి దిగే అగ్గి మెల్లగా వస్తుంది. మోకాలి ఎత్తు ఎర్రటి పట్టీ, చిటపటలు, మధ్యమధ్యలో ఒక బోద దుబ్బు అంటుకుంటే భగ్గుమని మనిషెత్తు లేచి పడుతుంది. అటవీశాఖ ఫైర్ వాచర్లు ఇద్దరు వాళ్ళ మిషనుతో వచ్చారు. వాళ్ళు చేసేది చూశాక వీడియోలో నేను చూసింది ఎంత తప్పుగా అర్థం చేసుకున్నానో తెలిసింది. మంటకి ఎదురుగా నిలబడి ఊదరు. కాలని వైపు నిలబడి, మంట పక్క అంచు వెంబడి నడుస్తూ, మంటనీ దాని ముందున్న ఆకునీ కాలిపోయిన నేల మీదకి తోస్తారు. ఫుల్ స్పీడులోనే. సగం స్పీడులో ఊదితే అది కంసాలి కొలిమి తిత్తి అవుతుంది, ఆరకపోగా ఎగుస్తుంది. వెనక ఇంకొకడు పచ్చి కొమ్మతోనో దంతెతోనో మిగిలిన నిప్పు చూసుకుంటూ రావాలి. ఎత్తు గడ్డిలో అయితే వాళ్ళే మిషను ఆపి వెనక్కి వచ్చేశారు. మీరు వాలు పైన, మంట మీకు కింద ఉండేలా అసలు వెళ్ళొద్దు, అగ్గి ఎగువకి పరిగెత్తుతుంది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి పోయిన వాళ్ళు 20 మందికి పైగా చనిపోయింది అలాంటి చోటే.

మా లైను దగ్గరికి వచ్చి అగ్గి ఆగింది. పెద్ద హంగామా ఏమీ లేదు, తినడానికి ఆకు లేక అంచున నిలబడి చిన్నదైపోయి ఆరిపోయింది, రెండు కిలోమీటర్ల పొడవునా. అది చూస్తుంటే కలిగిన తృప్తి నేను మాటల్లో పెట్టలేను. ఒక్కచోట మాత్రం కాలుతున్న మొద్దు ఒకటి పైనుంచి దొర్లుకుంటూ లైను దాటి పక్కాయన తోటలోకి వచ్చింది. మా బావమరిది హుషారుగా మా బ్లోయర్ తీసుకుని దాని మీద ఊదాడు. నిప్పురవ్వలు చిచ్చుబుడ్డి లాగా లేచి రెండు వరసల అవతల పడ్డాయి. "ఆపు బావా" అని నేను అరుస్తూనే ఉన్నా, ఆ చప్పుడుకి వాడికి ఏమీ వినపడదు. వెళ్ళి భుజం పట్టి లాగాల్సి వచ్చింది. మూడు చెట్లు పోయాయి, పక్కాయన చెట్లు. ఆర్పింది ఏంటంటే 20 లీటర్ల నీళ్ళు నింపి పెట్టుకున్న మా పాత తైవాన్ పంపు. కాబట్టి బ్లోయర్ కొనేవాళ్ళు పక్కన నీళ్ళ పంపు లేకుండా రాత్రి బయల్దేరొద్దు. టార్చి రెండుసార్లు వేస్తే ఆపాలి అని ఇప్పుడు గుర్తు పెట్టుకున్నాం, చెవులకి మూతలు కొన్నాక ఎలాగూ మాట వినపడదు.

తెల్లారి కొండ చూస్తే కింద అంతా నలుపు, పైన చెట్లు పచ్చగా. పెద్ద చెట్లు నేలమంటకి తట్టుకుంటాయి, ఎర్రచందనం పిల్ల మొక్క పైన ఎండిపోయినా మొదలు నుంచి చిగురేస్తుంది, వానలకి చూశా కూడా. నేల మీద గుడ్లు పెట్టే పక్షుల సంగతే పాపం.

ఫోన్ హెచ్చరికల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి చెప్తా. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ సైట్లో మనలాంటి వాళ్ళు కూడా నంబరు ఇచ్చి నమోదు చేసుకోవచ్చు, మన ప్రాంతంలో శాటిలైటుకి నిప్పు కనపడితే మెసేజ్ వస్తుంది. 2004 నుంచి ఈ పని చేస్తున్నారు, ఖర్చు ఏమీ లేదు, చేసుకోండి. అయితే అది ఎలా చూస్తుందో తెలిసి ఉండాలి. ఎక్కువ వివరంగా చూసే శాటిలైటు మన మీద నుంచి పోయేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్ళీ రాత్రి అదే టైముకి. దానికి ఒక చుక్క అంటే 375 మీటర్ల గడి. మూడింటికి అంటుకుని ఏడింటికి మీ గట్టు ఎక్కిన మంట దానికి తెలియకపోవచ్చు, మీరు తోటలో తగలబెట్టిన చెత్త మాత్రం ఆ టైముకి పడితే అడవి మంటలాగా చుక్క పడొచ్చు. మా తోటకి ముందు వచ్చిన కబురు ఎప్పుడూ కాపరి నుంచే. ఆయన నంబరు నా ఫోన్లో పైన పెట్టుకున్నా.

ఎవరు కొనాలి అంటే, గట్టు పక్కన ఆకు రాలే అడవి ఉండి, నలుగురైదుగురు కలిసి ఒకే లైను వేసుకోగలిగితే కొనండి, తలా ఆరున్నర నుంచి ఎనిమిది వేలు పడుతుంది, రెండు సీజన్లలో వచ్చేస్తుంది. ఒక్కడే కొనుక్కుని ఇంట్లో పెట్టుకుంటే 32,000 పెట్టి ఊరందరికీ అరువిచ్చే సామాను కొన్నట్టే, నాది అలాగే తిరుగుతోంది. బోద గడ్డి మాత్రమే ఉన్నవాళ్ళు ముందు గడ్డి కోసే మిషను చూసుకోండి. ఎయిర్ ఫిల్టర్ ప్రతి రోజూ దులపండి, బూడిదలో వాడిన రోజు అయితే కడిగి ఆరబెట్టండి, నేను ఒకసారి మర్చిపోతే మర్నాడు ముప్పై సార్లు తాడు లాగినా లేవలేదు. సీజను అయ్యాక ట్యాంకులో పెట్రోలు వదిలేయకండి, ఒంపేసి, మిగిలింది ఇంజను ఆగేదాకా తిప్పి ఖాళీ చేసి పెట్టండి, లేకపోతే జనవరిలో కార్బరేటర్‌కి మళ్ళీ పొదలకూరు పోవాలి.

మార్కులు అడిగితే ఐదుకి మూడున్నర. ఆ సగం మార్కు మా ఆవిడ కుట్టిన పట్టీలకి, షాపుకి కాదు.

సంక్రాంతి ముగ్గుల రోజు అయిపోయాక మా లైను పని మొదలవుతుంది, ఎవరైనా కొనేముందు చేత్తో పట్టుకుని చూడాలనుకుంటే ఒక పొద్దున ఏడున్నరకి రండి, వీపుకి తగిలించి రెండు వందల మీటర్లు ఊదనిస్తా. పెట్రోలు మీరే తెచ్చుకోవాలి, ఆయిలు లీటరుకి 40 ఎమ్మెల్.